చెత్త ఎవరిది? హఫీజ్‌పేట్ నుంచి ఒక చరిత్ర

"చెత్త గూడ మీదేనా బిడ్డా? పారేసినంక గూడ మీదేనా?"

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి ఆమె అడిగిన ఈ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. హఫీజ్‌పేట్‌లో మేం ఇల్లు తీసుకున్న నాటి నుంచీ వారానికి రెండుసార్లు వచ్చి అట్టపెట్టెలు, సీసాలు, పాలపాకెట్లు వేరుచేసుకుని పట్టుకెళ్ళే మనిషి ఆమె. ఆ రోజు వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. లిఫ్టు పక్కన అంటించిన నోటీసు ప్రకారం ఆ నెల నుంచి పొడిచెత్త మొత్తం ఒక కంపెనీకి ఇవ్వాలి. బయటివాళ్ళెవరూ దాన్ని ముట్టకూడదు. నోటీసు కింద మూడు ఆకుపచ్చ బాణాలు ఒకదాన్నొకటి తరుముతున్న బొమ్మ, దాని పక్కన 'మనమూ సర్క్యులర్ ఎకానమీలోకి' అన్న నినాదం!

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను సర్క్యులర్ ఎకానమీ మీద ఒక నివేదికకు పనిచేస్తున్నాను. నేను చదువుకున్నది సాహిత్యం. డాక్టరేట్ చేసింది స్త్రీల ఆత్మకథల మీద. ఒక పరిశోధన బృందం ఈ మార్పు వల్ల సమాజం మీదా పర్యావరణం మీదా పడుతున్న ప్రభావాలను అధ్యయనం చేస్తూ, చెత్త పనిలో ఉన్న స్త్రీల మాటలు సేకరించి ఒక అధ్యాయం రాయమని నన్ను అడిగింది. నా చిత్తుప్రతిలో మొదటి వాక్యం ఇది: 'నగరం పాత పద్ధతులను వదిలి చక్రీయ ఆర్థిక వ్యవస్థ వైపు మళ్ళుతోంది.' గేటు దగ్గర ఆ ప్రశ్న విన్నాక ఆ వాక్యాన్ని కొట్టేశాను. ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

పెంటకుప్ప, బొంత, స్టీలు గిన్నె

ఒక వస్తువు పని తీరిపోయాక దాన్ని పారేయకుండా మళ్ళీ వాడడం, బాగుచేయడం, కరిగించి కొత్తది చేయడం, నేలలో పుట్టినదాన్ని నేలకు తిరిగి ఇవ్వడం – చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటే స్థూలంగా ఇదే. దీన్ని కొత్త విషయంగా రాస్తున్నప్పుడల్లా నాకు మెదక్ జిల్లాలోని మా ఊరి ఇల్లు గుర్తొచ్చేది.

మా ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, ఆకులు, వాకిలి ఊడ్చిన మట్టి ఏడాది పొడుగునా అందులోకే పోయేవి. వానలకు ముందు అది బండ్లకెక్కి పొలానికి చేరేది. నగరానికొచ్చాక 'పెంట' అన్న మాట తిట్టుగా మిగిలింది గానీ ఊళ్ళో అది ఆస్తి. ఎవరి కుప్ప ఎవరిదో ఊరందరికీ తెలుసు. పక్కవాళ్ళ కుప్పలోంచి ఒక తట్టెడు ఎత్తుకెళితే పంచాయితీ పెట్టుకునేవాళ్ళు. ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. మా ఇంటి పెంటను తట్టలకెత్తి బండ్లు నింపింది మా వాళ్ళు కాదు, కూలికి వచ్చిన మాదిగ స్త్రీలు. కుప్ప మాది, చేతులు వాళ్ళవి. ఆ వృత్తం సాఫీగా తిరిగిందని ఇప్పుడు మురిసిపోయేవాళ్ళం, దాన్ని ఎవరు తిప్పారో కూడా చెప్పుకోవాలి కదా!

ఇంటి లోపల బొంత ఉండేది. చిరిగిన చీరలను పొరలు పొరలుగా పరిచి, మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయిపోయాక అమ్మా నానమ్మా కూర్చుని కుట్టేవాళ్ళు. దాన్ని పని అని ఎవరూ అనలేదు. వాళ్ళు దాన్ని 'ఊరికే కూర్చోలేక' చేసేదిగానే చెప్పుకున్నారు. పారేసేదాన్ని పనికొచ్చేదిగా మార్చే శ్రమలో ఎంత భాగం ఇలా లెక్కకు రాకుండా పోయిందో ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిడకలు చేయడం, మజ్జిగ మిగిలితే చారు కాయడం, పెద్దపిల్ల లంగాను చిన్నపిల్లకు కుదించడం... ఈ జాబితాను మీరంతా పొడిగించగలరు.

బొంతకు పనికిరానివి స్టీలు సామాన్ల ఆమెకు పోయేవి. నెత్తి మీద గంపలో గిన్నెలు పెట్టుకుని వచ్చి, పాతబట్టలు తీసుకుని గిన్నె ఇచ్చే స్త్రీలను మనలో చాలామంది చూసేవుంటాం. జరీ అంచు చీరకు ఒక లెక్క, నూలు చీరకు ఇంకో లెక్క. ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుని గంటసేపు బేరమాడుకునేవారు. అమ్మ చేతిలో నగదు ఎప్పుడూ ఉండేది కాదు. కానీ పాతచీరలు అమ్మవి. పెళ్ళి సామాను మీద తాతయ్య పేరు కొట్టించి ఉండేది. బట్టలకు మార్చుకున్న గిన్నెల మీద మాత్రం అమ్మ తన పేరు కొట్టించుకుంది. మా ఇంట్లో అమ్మ పేరున ఉన్న ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ ఆరేడు గిన్నెలే.

ఆ బట్టలు ఎక్కడికి పోతాయని చిన్నప్పుడు నేను అడగలేదు. హైదరాబాద్ వచ్చాకే చూశాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మెరాత్ బజార్‌లో తెల్లవారకముందే నేల మీద కుప్పలు పోసి అమ్మే పాతబట్టలను ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి తెచ్చిన చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే.

దస్త్రాలున్న నేల, దస్త్రాలు లేని మనుషులు

హఫీజ్‌పేట్ ఒకప్పుడు పైగా ప్రభువుల జాగీరు గ్రామం. ఆ కుటుంబపు ఆస్తి పంపకాల దావా సి.ఎస్. 14/1958 నంబరుతో హైకోర్టుకెక్కింది. ఇక్కడి భూముల గురించిన తగాదాలు ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ నంబరు చుట్టూనే తిరిగాయి. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్ళే నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. మన హఫీజ్‌పేట్ స్టేషన్ ఆ దారి మీదే ఉంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎంఎంటిఎస్ రైళ్ళు వచ్చాయి. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ జిహెచ్ఎంసిలో కలిసిపోయింది. పొలాలూ కుంటలూ బండరాళ్ళూ ఉన్న ఊరు పాతికేళ్ళలో కొండాపూర్, మియాపూర్, మదీనాగూడల మధ్య ఇరుక్కున్న నగరంగా మారింది.

ఈ చరిత్రంతా కాగితాల్లో దొరుకుతుంది. నేలకు సర్వే నంబర్లున్నాయి, తీర్పులున్నాయి, పటాలున్నాయి. కానీ ఈ భవనాలను కట్టిన మనుషులు తర్వాత ఏమయ్యారో ఏ దస్త్రంలోనూ లేదు. అందుకే ఆమెను అడిగాను. పేరు రాయవద్దంది కనుక రాయడం లేదు.

ఆమెది పాలమూరు. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కలిసి ఇళ్ళు కట్టే పనికి వచ్చింది. ఇసుక, కంకర తట్టలు మోసింది. మోకాళ్ళు అరిగాక మేస్త్రీలు ఆమెను పనికి పిలవడం మానేశారు. అప్పుడు తాను మోసిన సైటులోనే ఖాళీ సిమెంటు సంచులు, తెగిన ఇనుప చువ్వల ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. సైట్లు అపార్ట్‌మెంట్లయ్యాక అపార్ట్‌మెంట్ల చెత్త. "కట్టేటప్పుడు తట్ట మోసిన. కట్టినంక చెత్త మోస్తున్న. గంతే బిడ్డా, ఏమున్నది రాసుడు?" అంది. ఐటీ కారిడార్ చరిత్రను ఇంత క్లుప్తంగా చెప్పిన వాక్యం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆమెతో కలిసి ఒక ఉదయం తిరిగాను. ప్లాస్టిక్‌ను ఒంచి చూసి, గోటితో గీకి, నేలకు కొట్టి చప్పుడు విని ఏ రకమో చెప్పేస్తుంది. నా నివేదికలో పాలిమర్ల పట్టిక ఉంది, పేర్లన్నీ నాకు తెలుసు. కానీ నా చేతికిచ్చిన రెండు మూతల్లో ఏది దేనితో చేసిందో చెప్పలేకపోయాను. అట్ట తడిస్తే ధర పడిపోతుంది, సీసా మూత తీస్తే ఒక రేటు, తీయకపోతే ఇంకోటి, రాగి తీగ పైతొడుగు వలిస్తే ఇంకోటి. ఇంత తెలిసిన మనిషిని మన భాషలో 'చిత్తు కాగితాలు ఏరుకునేది' అంటాం. నేను రాసే మొదటి ప్రతిని కూడా 'చిత్తు' అనే అంటాం మరి. నా చిత్తుకు విలువ ఉంది, దాన్ని దిద్దుకోవడానికి నాకు జీతం ఇస్తారు.

ఆమె ఏరిన సరుకు సందులోని రద్దీ దుకాణానికి, అక్కడి నుంచి పెద్ద గోదాముకు, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి పోతుంది. కుప్పల్లో చేతులు పెట్టి ఏరేవాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువ. తోపుడుబండి మీద ఇల్లిల్లూ తిరిగి కొనేవాళ్ళు మగవాళ్ళు. కాంటా పట్టేదీ మగవాడే, గోదాము యజమానీ మగవాడే. కొనడానికి పెట్టుబడి కావాలి, బండి కావాలి, రాత్రిపూట రోడ్డు మీద తిరిగే ధైర్యం ఇచ్చే సమాజం కావాలి. ఇవేవీ అక్కర్లేనిది ఏరడం ఒక్కటే. పైగా దుకాణదారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటుంది కాబట్టి సరుకు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. వస్తువు ఒక్కో మెట్టు ఎక్కుతున్నకొద్దీ విలువ పెరుగుతుంది, స్త్రీలు తగ్గిపోతారు.

సముద్రం మీద పుట్టిన ఆలోచన

ఇక ఆ మూడు బాణాల సంగతి. భూమిని హద్దులున్న వ్యోమనౌకగా ఊహించుకుని ఆర్థిక వ్యవస్థను ఆలోచించాలని 1966లో కెన్నెత్ బౌల్డింగ్ రాశాడు. ఏ వృత్తమూ పూర్తిగా మూతపడదు, ప్రతి మార్పిడిలోనూ కొంత శక్తి, కొంత పదార్థం తిరిగిరాకుండా పోతాయని 1971లో జార్జెస్కు రోగెన్ హెచ్చరించాడు. ఈ ఆలోచనకు ప్రపంచమంతా ప్రచారం తెచ్చింది మాత్రం ఎలెన్ మెకార్థర్. 2005లో 71 రోజుల్లో ఒంటరిగా తెరచాప పడవ మీద భూమిని చుట్టివచ్చిన ఇంగ్లండు స్త్రీ. పడవలో ఉన్నదే వాడుకోవాలి, అయిపోతే ఇంకోటి రాదు అన్న అనుభవం తనను మార్చిందని ఆమె చెప్పింది. 2010లో ఫౌండేషన్ పెట్టింది. 2015లో యూరోపియన్ యూనియన్ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మన నీతి ఆయోగ్ 2021లో 11 రంగాలను ఎంచుకుని కమిటీలు వేసింది.

ఒక స్త్రీ చేసిన సాహసం నుంచి ఇంత పెద్ద ఆలోచన విస్తరించినందుకు నాకు సంతోషమే. కానీ పడవలో ఒంటరిగా ఉన్న మనిషికి తన చెత్తను ఇంకొకరి చేత మోయించే అవకాశం లేదు. నేల మీద ఆ అవకాశం ఉంది, దానికి కులం, జెండర్, పేదరికం అన్న మూడు దారులున్నాయి. వస్తువుల ప్రయాణాన్ని చూపించే ఆ బాణాల బొమ్మలో మనుషులు ఉండరు. నీతి ఆయోగ్ జాబితా చదివాను. పాత ఇనుము ఉంది, వాడేసిన నూనె ఉంది, టైర్లు, బ్యాటరీలు, సోలార్ పలకలు, కాలం తీరిన బండ్లు ఉన్నాయి. పాతబట్టలు ఒక రంగంగా లేవు. అమ్మ చీర, ఆ గంప, ఆ గిన్నె ఆ లెక్కలోకి రాలేదు.

చట్టానికి కనిపించిన వాళ్ళు

మన దేశంలో చెత్త గురించి చట్టం మాట్లాడటం మొదలుపెట్టడానికీ ఒక స్త్రీయే కారణం. బెంగళూరులో ఉండే ఇంజనీరు అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగానే 2000లో మునిసిపల్ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. చెత్త ఏరుకునేవాళ్ళు ఎవరో నిర్వచించి, వాళ్ళ సంఘాలను గుర్తించాలనీ, వాళ్ళను సేకరణ వ్యవస్థలో కలుపుకోవాలనీ స్థానిక సంస్థలకు బాధ్యత పెట్టింది 2016 నాటి నిబంధనలు. అంటే కాగితం మీద కనిపించడానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది.

పక్కనే ఇంకో చట్టం కథ చూడండి. ఐటీ కారిడార్ పక్కన ఉంటూ ఎలక్ట్రానిక్ చెత్త మాట చెప్పకపోతే ఎలా! ఇ-వేస్ట్ నిబంధనలు మొదట 2011లో వచ్చి 2012 మే నుంచి అమలయ్యాయి. 2016లో మారాయి. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల్లో నమోదు చేసుకోవాల్సినవాళ్ళు నాలుగు రకాలే: తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసి అమ్మేవారు, రీసైక్లర్. అంతకుముందు చట్టంలో విడిగా ఉన్న సేకరణ కేంద్రాలు, విడగొట్టేవాళ్ళు ఇందులో లేరు. బాధ్యత ఉత్పత్తిదారుల మీద పెట్టడం మంచిదే, అది ఎన్నో ఏళ్ళుగా పర్యావరణవాదులు అడుగుతున్నది. కానీ వృత్తం మొదటి మెట్టు దగ్గర కీబోర్డు విప్పుతూ కూర్చున్న స్త్రీ ఈ నాలుగు గళ్ళలో ఎందులోనూ పట్టదు.

హైదరాబాద్‌కు వద్దాం. 2015 చివర్లో జిహెచ్ఎంసి రెండువేల స్వచ్ఛ ఆటోలను రోడ్డెక్కించింది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడానికి ఇంటింటికీ రెండు డబ్బాలిచ్చింది. ఆ ఆటోలను అప్పుతో డ్రైవర్ల పేరున ఇచ్చారు. మా వీధికి వచ్చిన ఏ ఆటోనూ ఆడమనిషి నడపగా నేను చూడలేదు. వెనక నిలబడి చెత్తలోంచి సీసాలు, అట్టలు వేరుచేసేది మాత్రం చాలాసార్లు డ్రైవరు భార్య. బండి ఆయనది, అప్పు ఆయన పేరున, గుర్తింపూ ఆయనకే. ఆమె 'సాయం' చేస్తోంది. అమ్మ కుట్టిన బొంతలాగే!

2020లో జీడిమెట్లలో, ఆ తర్వాత ఫతుల్లాగూడలో భవన శిథిలాలను రోజుకు 500 టన్నుల చొప్పున పిండిచేసి మళ్ళీ ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలు వచ్చాయి. ఇవి అవసరం. కూల్చిన ఇళ్ళ మట్టి కుంటల్లోకి పోవడం ఇక్కడ ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. అదే 2020లో జవహర్‌నగర్‌లో చెత్త నుంచి కరెంటు తీసే 19.8 మెగావాట్ల కేంద్రం మొదలైంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. తడిచెత్త మండదు. బాయిలరుకు కావాల్సింది బాగా మండే సరుకు. బాగా మండేవి కాగితం, అట్ట, ప్లాస్టిక్, గుడ్డ. ఏరుకునే స్త్రీకి నాలుగు రూపాయలు తెచ్చేవీ అవే. ఒకసారి కాలిన వస్తువు మళ్ళీ వస్తువు కాదు. జార్జెస్కు రోగెన్ చెప్పిన తిరిగిరాని నష్టాన్ని మనమే కోరి తెచ్చుకుంటూ, దానికీ 'చక్రీయం' అనే పేరు పెట్టడం సబబేనా?

పాతది బంగారం కాదు

ఇంతవరకూ చదివి, పాత పద్ధతే బాగుందని నేనంటున్నట్టు అనుకోవద్దు. భోలక్‌పూర్ మన కళ్ళముందే ఉంది. తోళ్ళు, ప్లాస్టిక్, తుక్కు సామాను గోదాములతో నిండిన ఆ బస్తీలో 2009 మే నెలలో మురుగు కలిసిన నీళ్ళు తాగి వందలమంది ఆస్పత్రి పాలయ్యారు, పలువురు చనిపోయారు. నగరం పారేసినదాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసే బస్తీకి నగరం తాగడానికి మంచినీళ్ళు ఇవ్వలేకపోయింది. వైర్లు కాల్చి రాగి తీస్తే వచ్చే పొగ ముందుగా ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో చెప్పనక్కర్లేదు. ఆమె చేతుల మీద సూదులు గుచ్చుకున్న మచ్చలు, బ్లేడ్ల కోతలు చూశాను. మనం కాగితంలో చుట్టకుండా పడేసిన శానిటరీ ప్యాడ్లను ఆమె చేత్తో తీసి పక్కన పెట్టడం చూశాను. ఆ క్షణం తల దించుకున్నాను. స్త్రీలుగా మన దేహాల గురించి ఎంతో రాసుకున్న మనం, మన ప్యాడ్లను ముట్టుకునే చేతుల గురించి ఎంత రాశాం?

కాబట్టి యంత్రాలు రావాలి, చేతి తొడుగులు రావాలి, యాసిడ్ కాలవల్లోకి పోని కేంద్రాలు రావాలి. నా పేచీ వాటితో కాదు. మార్పు అనగానే పాతవాళ్ళను గేటు బయట నిలబెట్టి మొదలుపెట్టడం ఎందుకన్నదే నా ప్రశ్న. పాత వృత్తంలో శ్రమా రోగమూ ఆమెవే, సరుకు మీద కాస్త హక్కు కూడా ఆమెదే. కొత్త వృత్తంలో శ్రమ మళ్ళీ ఆమెదే కావచ్చు, ఆ కాస్త హక్కు మాత్రం పోతోంది.

దీనికి వేరే దారి లేదా? ఉందని పుణె స్త్రీలు చూపించారు. ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్య కోసం పనిచేసిన అధ్యాపకులు చెత్త ఏరే స్త్రీలతో కలిసి కదిలితే, 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' ఏర్పడింది. కాగితం, గాజు, రేకు ఏరే శ్రామికుల పంచాయతీ అని అర్థం. దాని సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. మునిసిపాలిటీ సంతకంతో గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. 2008లో వాళ్ళ సహకార సంస్థ 'స్వచ్ఛ్' పుణె నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇంటింటి రుసుము వాళ్ళకే, ఏరిన సరుకూ వాళ్ళదే. 'చెత్త ఎవరిది' అన్న ప్రశ్నకు అంత స్పష్టమైన జవాబు నాకు ఇంకెక్కడా కనిపించలేదు. దాన్ని రాబట్టింది విశ్వవిద్యాలయం గేటు దాటి వెళ్ళిన అధ్యాపకులూ, వాళ్ళను నమ్మిన స్త్రీలూ. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మన అరలో లేని పుస్తకం

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తమ చరిత్ర చెప్పుకున్నారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనలను ఎనభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి వెతికి తెచ్చింది. చరిత్ర అంటే ఎవరిదో ఆ పుస్తకాలు చదివాకే నాకు అర్థమైంది. అటువంటి పుస్తకం ఈ నగరాన్ని ఎత్తిపోసి, ఊడ్చి, వేరుచేసి, మళ్ళీ వాడుకలోకి తెచ్చిన స్త్రీల గురించి రావాలి. వాళ్ళ దగ్గర ఉన్న జ్ఞానం, వాళ్ళు వాడే మాటలు, సరుకును గుర్తుపట్టే పద్ధతులు రేపు యంత్రాలు వచ్చాక మాయమవుతాయి. వాటిని రాసిపెట్టడం జాలితో చేసే పని కాదు. మనం వాళ్ళకు బాకీ ఉన్నాం.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పి ముగిస్తాను. సంఘం సమావేశంలో మాట్లాడాను. భద్రత, శుభ్రత అన్నారు. ఇన్నేళ్ళలో ఆమె వల్ల పోయిన వస్తువు ఒక్కటి చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేదు. కొందరు ఆడవాళ్ళు నాకు మద్దతిచ్చారు, కొందరు 'నీకెందుకమ్మా ఈ గొడవ' అన్నారు. చివరికి కంపెనీ ఆమెను సహాయకురాలిగా తీసుకుంది. ఒక యూనిఫాం, తొడుగులు, నెల జీతం. నేను గెలిచాననే అనుకున్నాను.

నెల తర్వాత లిఫ్టు దగ్గర కనిపిస్తే "ఎట్లున్నది అక్కా?" అని అడిగాను.

"జీతం మంచిగనే ఉన్నది బిడ్డా. చేతులు కోసుకపోతలెవ్వు. గని ఇప్పుడు సీసా దొరికితె నాది గాదు, కంపెనీది. మొన్న మనవరాలికి ఆడుకోను ఒక బొమ్మ దొరికింది. సూపర్‌వైజరు లోపల ఎయ్యమన్నడు. ఏసిన."

ఆ రాత్రి అధ్యాయం మొదటి వాక్యం మళ్ళీ రాశాను: 'ఈ నగరంలో వస్తువులు ఎప్పటినుంచో తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మారుతున్నది ఆ తిరుగుడు ఎవరి చేతిలో ఉందన్నది.' బృందంలో ఒకరు ఇది నివేదిక భాషలా లేదన్నారు. మార్చడానికి నేను ఒప్పుకోలేదు. ఆ కింద ఆమె ప్రశ్నను ఆమె మాటల్లోనే పెట్టాను, పేరు లేకుండా. ఎప్పుడైనా ఆమె సరేనంటే పేరు కూడా రాస్తాను.